కువైట్ దాచుకున్నది, మనం ఖర్చు చేసినది

విదేశీ పెట్టుబడి అనే మాట వినగానే మన మనస్సులో హైదరాబాదులోని అద్దాల మేడలో, విశాఖపట్నం రేవో మెదులుతాయి. మలికిపురం మండలానికీ ఆ మాటకూ సంబంధమే లేదనుకుంటాం. నిజానికి విదేశీ ద్రవ్యం ఈ నేలకు కొత్తది కాదు. వశిష్ఠ గోదావరికీ బంగాళాఖాతానికీ నడుమ కొబ్బరి తోటల నీడన ఉన్న మలికిపురం, సఖినేటిపల్లి, రాజోలు ప్రాంతాల నుంచి కొన్ని దశాబ్దాలుగా కువైట్, దుబాయ్, మస్కట్, ఖతర్‌లకు జనం వెళ్తూనే ఉన్నారు. ఇంటిపనికి ‘ఖద్దామా’గా వెళ్ళిన స్త్రీలు వారిలో ఎందరో. వారు పంపిన జీతాలతోనే ఇక్కడ పక్కా ఇళ్ళు లేచాయి, పిల్లలు కళాశాలల మెట్లెక్కారు, ఆడపిల్లల నికాహ్‌లు జరిగాయి.

ఇంత ద్రవ్యం ఇన్నేళ్ళుగా వచ్చినా, ఉద్యోగం ముగించుకుని తిరిగివచ్చిన మనిషి చేతిలో మళ్ళీ ఏమీ మిగలని ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. రెండేళ్ళ విశ్రాంతి తీరకముందే మరో వీసా కోసం ఏజెంటు గుమ్మం ఎక్కవలసి వస్తున్నది. జీతంగా వచ్చిన ధనం మన ఇళ్ళలో మూలధనంగా ఎందుకు మారడం లేదన్నదే ఈ మాసం మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న.

ధనం ఏ దిక్కుకు ప్రవహిస్తుంది?

నీరు పల్లమెరుగుననే సామెత మనకు తెలుసు. ధనానికి ఆ నియమం వర్తించదు. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ లూకస్ 1990లో ఒక చిన్న వ్యాసంలో పెద్ద ప్రశ్న వేశాడు. పెట్టుబడి కొరతగా ఉన్న దేశంలో దానికి ప్రతిఫలం అధికంగా ఉండాలి. పాఠ్యపుస్తకాల సూత్రం ప్రకారం లెక్కిస్తే భారతదేశంలో పెట్టుబడికి అమెరికాలో కంటే 58 రెట్లు అధిక ప్రతిఫలం రావాలి. అలాంటప్పుడు సంపన్న దేశాల ధనమంతా పేద దేశాలకు ఎందుకు తరలిపోవడం లేదని ఆయన అడిగాడు. నైపుణ్యాల లోటు ఒక కారణమని ఆయనే సూచించాడు. ఒప్పందాన్ని నిలబెట్టే చట్టం, నమ్మదగిన లెక్కలు, ఆపదలో ఆదుకునే వ్యవస్థ లేనిచోటికి ధనం రావడానికి భయపడుతుందని తరువాతి పరిశోధకులు చేర్చారు. లాభం ఎంతన్నదానికి ముందు ‘నా సొమ్ము క్షేమమేనా’ అని ధనం అడుగుతుంది.

ఆ క్షేమం కాగితం మీద కుదిరినచోటికి అది సముద్రాలు దాటి వస్తుంది. ఇందుకు కోనసీమలోనే నిదర్శనం ఉంది. ఉప్పలగుప్తం మండలం సూరసాని యానాం ఎదుట సముద్రంలో ఉన్న రవ్వ చమురు క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ కనుగొన్నది. దాన్ని అభివృద్ధి చేయడానికి 1994లో ఉత్పత్తి పంపకం ఒప్పందం కుదిరింది. ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25 శాతం, ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియంను కొనడం ద్వారా ప్రవేశించిన బ్రిటన్ సంస్థ కెయిర్న్‌కు 22.5 శాతం, సింగపూర్‌లో నమోదైన రవ్వ ఆయిల్‌కు 12.5 శాతం వాటాలు నిలిచాయి. ఎవరు ఎంత పెట్టాలి, ఏ మేరకు తీసుకోవాలి అన్నది ముందే రాసుకున్నారు. మన గ్రామాలకు ఆనుకున్న సముద్రంలోకే పరదేశపు ధనం వచ్చింది; రాతపూర్వకమైన వాటాతో వచ్చింది.

మన సోదరీమణులు పంపే ద్రవ్యానికి ఇలాంటి రాత ఏదీ ఉండదు. అది ప్రేమతో వస్తుంది, అవసరానికి వస్తుంది, వచ్చిన వెంటనే కరిగిపోతుంది. దాని పరిమాణం మాత్రం చిన్నది కాదు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో ప్రవాస భారతీయులు స్వదేశానికి పంపిన మొత్తం సుమారు 12,900 కోట్ల డాలర్లు. ఏ ఇతర దేశానికీ ఇంత రాలేదు. మన దేశంలోకి వచ్చిన ప్రత్యక్ష విదేశీ పెట్టుబడికంటే ఇదే ఎక్కువ. పైగా పెట్టుబడి పెట్టిన విదేశీ సంస్థ లాభాన్ని తిరిగి తీసుకువెళ్తుంది. కూలి చేసి పంపిన బిడ్డ ఏదీ తిరిగి అడగదు.

కష్టకాలంలో ఏ ద్రవ్యం ఎలా ప్రవర్తిస్తుందో 2020 మనకు చూపింది. కరోనా భయం మొదలైన మార్చి నెల ఒక్కదానిలోనే విదేశీ మదుపరులు మన మార్కెట్ల నుంచి లక్ష కోట్ల రూపాయలకు పైగా వెనక్కు తీసుకున్నారు. ప్రవాసులు పంపే సొమ్ము ప్రపంచవ్యాప్తంగా ఐదో వంతు పడిపోతుందని ప్రపంచ బ్యాంకు హెచ్చరించింది. ఏడాది ముగిసేసరికి భారతదేశానికి వచ్చే మొత్తంలో తగ్గుదల దాదాపు లేనేలేదు. తాము ఒక పూట తగ్గించుకుని అయినా ఇంటికి పంపినవారు ఎందరో ఉండి ఉంటారు.

కువైట్ నేర్పే పాఠం

ఇప్పుడు ఈ జీతాలు పుట్టే చోటును ఒకసారి పరిశీలిద్దాం. కువైట్ 1961లో స్వాతంత్ర్యం పొందింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1953లో, చమురు ఆదాయంలో మిగులును మదుపు చేయడానికి లండన్‌లో ఒక పెట్టుబడి మండలిని నెలకొల్పుకున్నది. నేటి కువైట్ పెట్టుబడి సంస్థకు అదే మూలం. 1976లో మరో అడుగు ముందుకు వేసింది. ‘భావితరాల నిధి’ అనే పేరుతో ఒక నిధిని ఏర్పరచి, ప్రభుత్వ ఆదాయంలో ఏటా 10 శాతాన్ని దానికి మళ్ళించాలని చట్టం చేసింది. చమురు ఏనాటికైనా అడుగంటుతుంది, ఆ రోజున మన మనుమలు ఏమి తింటారన్నదే ఆ చట్టం వెనుకనున్న ఆలోచన. 2020లో, లోటు ఏర్పడిన సంవత్సరాలలో ఈ మళ్ళింపు అవసరం లేకుండా సవరించేవరకు నాలుగు దశాబ్దాలకు పైగా ఆ నియమం నిలిచింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ప్రభుత్వం దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. అయినా అది చేతులు చాచలేదు. విదేశాలలో దాచిన నిధి ప్రవాసంలోని ప్రభుత్వాన్ని నడిపింది, విముక్తి అనంతరం శిథిలమైన దేశాన్ని తిరిగి నిర్మించడానికి తోడ్పడింది. అదే దినాలలో అక్కడ పనిచేస్తున్న సుమారు 1,70,000 మంది భారతీయులను మన ప్రభుత్వం స్వదేశానికి చేర్చింది. వారిలో అధికులు ఎడారిని దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానాలెక్కారు. ఎన్నో ఏళ్ళ కష్టార్జితాన్ని అక్కడే వదలి కట్టుబట్టలతో వచ్చినవారు వారిలో ఎందరో.

ఒకే ఆపద యజమానినీ పనివారినీ ఒకే రోజున తాకింది. యజమాని దేశానికి దాచిన పదో వంతు ఉంది. పనివారికి నెల జీతం తప్ప మరేమీ లేదు. మేము చెప్పదలచినదంతా ఈ తేడాలోనే ఉంది.

చమురు దేశానికీ ఇంటిపని చేసే స్త్రీకీ పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆమె సంపాదనలో మిగులు స్వల్పం. వీసా కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి వెళ్ళిన మనిషికి ఏడాది తిరిగేసరికి అసలులో మూడో వంతుకు పైగా వడ్డీకే పోతుంది. ఆ తరువాత ఇంటి పైకప్పు, ఆసుపత్రి, ఫీజులు, కట్నం. ఇస్లాం ఆమోదించని కట్నం కోసం ఇస్లాం నిషేధించిన వడ్డీకి అప్పు తెచ్చి, ఆ రెండింటినీ తీర్చడానికి ఒక తల్లి పరాయి ఇంటి వంటగదిలో ఏళ్ళు గడపడం కంటే బాధాకరమైనది ఏముంటుంది! సమస్య ఆమె పొదుపులో లేదు. ఆమె పంపిన ప్రతి రూపాయికీ వచ్చేలోగానే ఒక ఖర్చు పేరు పెట్టి ఉంచే మన ఇంటి పద్ధతిలో ఉంది.

పైగా ఈ ప్రవాహం శాశ్వతమనుకోవడానికి వీల్లేదు. రిజర్వు బ్యాంకు సర్వేల ప్రకారం 2016-17లో దేశానికి వచ్చే ప్రవాసుల సొమ్ములో గల్ఫ్ దేశాల వాటా సగానికి చేరువగా ఉండేది. 2023-24 నాటికి అది 38 శాతానికి తగ్గింది. అమెరికా ఒక్కటే 28 శాతానికి దగ్గరయింది. కోడింగ్ నేర్చిన బిడ్డలు పంపే సొమ్ము పెరుగుతున్నది, కూలి చేసే బిడ్డలు పంపే సొమ్ము వాటా తగ్గుతున్నది.

గల్ఫ్ నుంచి మరో ప్రవాహం

గల్ఫ్ నుంచి మన దేశానికి జీతాలు మాత్రమే రావడం లేదు. పెట్టుబడి కూడా వస్తున్నది. 2020లో జియో ప్లాట్‌ఫామ్స్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి 11,367 కోట్ల రూపాయలు పెట్టి 2.32 శాతం వాటా తీసుకున్నది. అబుదాబికి చెందిన ముబాదలా, అబుదాబి పెట్టుబడి సంస్థ కూడా అదే సంవత్సరం అందులో చేరాయి. తెలుగువారు హైదరాబాదు కేంద్రంగా స్థాపించిన గ్రీన్‌కో విద్యుత్ సంస్థలో సింగపూర్ ప్రభుత్వ నిధితోపాటు అబుదాబి పెట్టుబడి సంస్థ కూడా భాగస్వామి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఆ సంస్థ చేపట్టిన భారీ విద్యుత్ ప్రాజెక్టు వెనుక ఇలాంటి పరదేశపు మూలధనం ఉంది.

ఒకే ఎడారి నుంచి బయలుదేరిన రెండు ప్రవాహాలివి. ఒకటి వాటా రాయించుకుని పిన్నాపురం చేరింది. మరొకటి మలికిపురం చేరి సిమెంటుగా, బంగారంగా, వడ్డీగా మారిపోయింది.

జీతాన్ని మూలధనంగా మార్చడం సాధ్యమేనని కేరళ నిరూపించింది. కొచ్చి విమానాశ్రయాన్ని కట్టడానికి 1994లో ఒక కంపెనీని నమోదు చేశారు. దాదాపు 30 దేశాలలోని సుమారు 10,000 మంది ప్రవాసులు వాటాలు కొన్నారు. 1999లో విమానాశ్రయం ప్రారంభమైంది. పరాయి దేశానికి వెళ్ళేందుకు విమానమెక్కేవారు ఆ విమానాశ్రయానికి భాగస్వాములయ్యారు.

సాహస పెట్టుబడి, ముదారబా

వెంచర్ క్యాపిటల్ అనే మాట ఈనాడు పత్రికలలో తరచు కనిపిస్తున్నది. సాహస పెట్టుబడి అని దాన్ని చెప్పుకోవచ్చు. ఆలోచన, నైపుణ్యం ఉండి ధనం లేని వ్యక్తికి, ధనం ఉన్నవారు అప్పు ఇవ్వకుండా వాటాదారులుగా చేరతారు. వ్యాపారం మునిగితే వారి సొమ్ము మునుగుతుంది. తేలితే లాభంలో పాలు దక్కుతుంది. 1946లో అమెరికాలో ప్రారంభమైన ఒక సంస్థ దీనికి ఆధునిక రూపమిచ్చింది. 1957లో ఆ సంస్థ 70,000 డాలర్లు పెట్టి డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీలో 70 శాతం వాటా తీసుకున్నది. కాలక్రమంలో అది కోట్లాది డాలర్ల విలువకు చేరింది. మన రాష్ట్రంలోనూ 1989లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ హైదరాబాదులో ఒక సాహస పెట్టుబడి సంస్థను నెలకొల్పింది. సంపన్న దేశాల ధనం ప్రపంచ బ్యాంకు తోడ్పాటు రూపంలో దానికి చేరింది.

ఈ పద్ధతి ముస్లింలకు అపరిచితం కాదు. ఒకరి ధనం, మరొకరి శ్రమ కలిసే ముదారబా ఒప్పందం ఇస్లాంకు పూర్వమే అరేబియాలో ఉండేది. ఇస్లామీయ ధర్మశాస్త్రం దాన్ని న్యాయమైన నియమాలతో క్రమబద్ధం చేసింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) దైవదౌత్యానికి పూర్వం హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకుతో సిరియాకు వర్తకానికి వెళ్ళిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అక్కడ మూలధనం ఒక స్త్రీది. మధ్యయుగంలో ఇటలీ వర్తకులు అనుసరించిన ఇలాంటి ఒప్పందానికి అరబ్బుల పద్ధతే ప్రేరణ అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ముదారబా నియమాలు సరళమైనవి. లాభం ఏ నిష్పత్తిలో పంచుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. ఇంత సొమ్ము తప్పక ఇస్తానని మాట ఇవ్వకూడదు. నష్టం వస్తే, పనివాని మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేనంతవరకు, ధనం పెట్టినవారే భరించాలి; పనిచేసినవాడు తన శ్రమను కోల్పోతాడు. ఉదాహరణకు, ఒక సోదరి నాలుగు లక్షలు పెట్టి, ఆమె తమ్ముడు కొబ్బరి పీచు పని నడుపుతున్నాడని అనుకుందాం. ఆమెకు 60, అతనికి 40 పాళ్ళని రాసుకున్నారు. లక్ష లాభం వస్తే ఆమెకు 60,000, అతనికి 40,000. అదే 50,000 నష్టం వస్తే ఆమె మూలధనం మూడున్నర లక్షలవుతుంది, అతని ఏడాది శ్రమ వృథా అవుతుంది. ఇద్దరూ కోల్పోయారు కనుక ఇద్దరూ జాగ్రత్తగా ఉంటారు. వడ్డీలో ఈ సమానత్వం ఉండదు. పని మునిగినా అప్పు ఇచ్చినవాని గడియారం ఆగదు.

ఆధునిక సాహస పెట్టుబడి అంతా ముదారబాయేనని మేము చెప్పడం లేదు. కంపెనీని అమ్మినప్పుడు ముందుగా తమ అసలు తమకు రావాలని పెట్టుబడిదారులు ఒప్పందాలలో రాయించుకోవడం పరిపాటి. ఇలాంటి షరతులను ధర్మవేత్తలు ప్రశ్నిస్తారు. పైగా మన దేశంలో సెబీ నియమాల ప్రకారం ఇలాంటి నిధులలో చేరడానికి సాధారణంగా కనీసం కోటి రూపాయలు కావాలి. అందుచేత పదివేలు ఇస్తే స్టార్టప్ కంపెనీలో వాటా ఇప్పిస్తామని వాట్సాప్‌లో వచ్చే పిలుపును నమ్మవలసిన పనిలేదు.

ఈ హెచ్చరిక ఊరక చేయడం లేదు. 2017లో వడ్డీ రహిత బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్ళరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. ఆ ఖాళీని కొందరు వేరే విధంగా వాడుకున్నారు. బెంగళూరులో ఐఎంఏ అనే సంస్థ హలాల్ లాభమనే మాటతో వేలాది ముస్లిం కుటుంబాల సొమ్మును సేకరించింది. 2019 జూన్‌లో దాని అధిపతి దేశం విడిచి వెళ్ళగా, దుకాణం ముందు స్త్రీలు బారులు తీరి విలపించారు. నెలనెలా తప్పని లాభం ఇస్తామని ఎవరైనా అంటే, ఆ మాటే దాన్ని ముదారబా పరిధి నుంచి బయటకు నెట్టివేస్తుంది. ఈ ఒక్క నియమాన్ని గుర్తుంచుకున్నా ఎన్నో ఇళ్ళు నిలిచేవి.

ఇంటి భావితరాల నిధి

అయితే మనం చేయగలిగినదేమిటి? మొదట, ఇంటినుంచి ఎవరైనా గల్ఫ్‌కు వెళ్తున్నప్పుడు ప్రయాణ ఖర్చును వడ్డీ లేని అప్పుగా బంధువులు, జమాఅత్ కలిసి సమకూర్చాలి. ఖర్జె హసనా అని మనం పిలుచుకునే ఆ మంచి అప్పు ఏడాది జీతంలో మూడో వంతును కాపాడినా అంతకంటే గొప్ప దానం ఉండదు.

రెండవది, సంపాదన ఎవరిదో వారి పేరనే నిలవాలి. స్త్రీ ఆర్జించినదానిపై ఆమెకే హక్కు ఉందని ఖుర్‌ఆన్‌ ‘అన్‌ నిసా’ అధ్యాయం బోధిస్తున్నది. ఆమె పంపిన సొమ్ముతో కొన్న స్థలం భర్త పేరనో అన్న పేరనో రిజిస్టరు కావడం, తిరిగి వచ్చాక ఆమె తన ఇంట్లోనే అతిథి కావడం మన సమాజానికి తగదు.

మూడవది, పదో వంతును ముట్టుకోకూడదు. జీతం ఎంతైనా సరే, అందులో పదో భాగానికి ‘భావితరాల నిధి’ అని పేరు పెట్టి వేరుగా ఉంచాలి. మొదట ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపోయేంత నిల్వ కావాలి. ఆ తరువాత సమకూరేది మూలధనం. అనాథల సొమ్మును ఊరక ఉంచితే జకాత్ దాన్ని తినివేస్తుంది కనుక వర్తకంలో పెట్టమని హజ్రత్ ఉమర్ (రజి) బోధించినట్లు ఇమామ్ మాలిక్ గారి ‘ముఅత్తా’లో నమోదై ఉంది. నిల్వ సొమ్ముకు పని కల్పించాలన్నదే అందులోని మర్మం.

నాలుగవది, అంతా ఒకేచోట పెట్టరాదు. మన తీరంలో రొయ్యల చెరువులు తవ్వినవారికి ఇది తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఆంధ్ర తీరమంతటా చెరువు గట్ల మీద కలవరం మొదలైంది. కొంత బంగారం, కొంత భూమి, కొంత భాగస్వామ్య వ్యాపారం అని విభజించుకున్న ఇల్లు ఒక దెబ్బకు కూలదు.

చివరిది, అన్నిటికంటే సులభమైనది, మనం అన్నిటికంటే ఎక్కువగా ఉపేక్షించేది: రాసుకోవడం. ఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం అప్పు పత్రం రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి వచ్చింది. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకని మొగమాటపడతాం. రవ్వ చమురుకు వాటాలు పంచుకున్నవారు మొగమాటపడలేదు. కాగితం అనుమానానికి గుర్తు కాదు. రేపు అనుమానం పుట్టకుండా నేడు కట్టే గట్టు.

కువైట్‌లోనో దోహాలోనో ఉన్న మీ ఇంటి బిడ్డకు ఈ వారం ఫోను చేసినప్పుడు, ఎంత పంపుతున్నావని అడగడానికి ముందు, నీ కోసం ఎంత దాచమంటావని అడగండి. ఆమె చెప్పిన అంకెను ఒక పుస్తకంలో తేదీతో సహా రాయండి. అల్లాహ్ మన కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక!